తారాజువ్వ మళ్ళీ కాలుతుందా?

పిల్లలూ, నేను చాలాకాలం బడిలో సైన్సు చెప్పి, తరవాత ప్రధానోపాధ్యాయుడుగా ఉండి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అన్నేళ్ళలో పిల్లలు నన్నడిగిన ప్రశ్నలు ఎన్ని వేలో లెక్క లేదు. వాటిలో ఒకదానికి నేను చెప్పిన జవాబు మాత్రం ఇప్పటికీ ముల్లులాగా గుచ్చుకుంటూనే ఉన్నది. ఆ సంగతి మీకు చెబుతాను.

అప్పట్లో నేను నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సు దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో పని చేసేవాణ్ణి. సరస్సుకు అవతల శ్రీహరికోట. రాకెట్టు ఎగిరే రోజున ఊరు ఊరంతా కట్ట మీదికి చేరేది. 1993 సెప్టెంబరులో పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటిసారి ఎగిరి, గమ్యం చేరకుండానే కూలిపోయింది. మళ్ళీ 1994 అక్టోబరు 15న ఎగిరి, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆనాడు కట్ట మీద నిలబడినవాళ్ళకు ముందు నిప్పు కనబడింది. చాలా సేపటికి గాని ఉరుము వినబడలేదు. ముసలివాళ్ళు కూడా గంతులు వేశారు.

దసరా సెలవులయి బడి తెరవగానే, తొమ్మిదో తరగతిలో రాకెట్టు బొమ్మ బోర్డు మీద గీశాను. రాకెట్టు ఒక్క ముక్క కాదనీ, దానిలో ఒకదాని మీద ఒకటిగా కొన్ని భాగాలుంటాయనీ, ఇంధనం అయిపోయిన భాగం విడిపోయి సముద్రంలో పడిపోతుందనీ చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచాడు. వాడి తండ్రి సరస్సులో పడవ వేసి చేపలు పట్టేవాడు.

"సార్, అంత ఖరీదు పెట్టి చేసిందాన్ని సముద్రంలో పారెయ్యడమెందుకు? ఎట్లా ఎగిరిందో అట్లాగే మంట మీద మెల్లిగా దిగితే మళ్ళీ వాడుకోవచ్చు గదా?" అన్నాడు.

దీపావళి దగ్గర పడుతున్నది. నాకు చటుక్కున ఒక చమత్కారం తోచింది. "ఒరే, ఈ దీపావళికి కాల్చిన తారాజువ్వ వచ్చే దీపావళికి పనికొస్తుందిరా?" అన్నాను.

తరగతంతా గొల్లుమన్నది. వాడు కూర్చున్నాడు. ఆ తరవాత వాడు నన్ను మరే ప్రశ్నా అడగలేదు.

ఇప్పుడు నా జవాబును పరీక్ష కాగితంలాగా మీరూ నేనూ కలిసి దిద్దుదాం.

దానికి సగం మార్కు వెయ్యవచ్చు. తారాజువ్వలో మందు గట్టిగా కూరి ఉంటుంది. వత్తి అంటించామా, ఇక అది మన చేతిలో లేదు. మంటను తగ్గించలేము, ఆర్పి మళ్ళీ వెలిగించలేము. పి.ఎస్.ఎల్.వి.లో అన్నిటికన్నా కింది భాగం ఇట్లాంటిదే, ఘన ఇంధనంతో పని చేసేది. అంతవరకు నేను చెప్పింది సబబే. కాని అదే రాకెట్టులో రెండో భాగానికి వికాస్ అనే ఇంజను ఉన్నది. అది ద్రవ ఇంధనంతో నడుస్తుంది. ద్రవ ఇంధనం ఇంజను తారాజువ్వలాంటిది కాదు, పంపు స్టవ్వులాంటిది. ఆ తేడా తెలిసి కూడా నవ్వించడం కోసం దాన్ని మింగేశాను. అందుకని మిగతా సగం మార్కు పోయింది.

పంపు స్టవ్వును మీలో చాలామంది చూసి ఉండరు. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఇత్తడి తొట్టిలో కిరసనాయిలు పోసి, పంపుతో గాలి కొడితే, ఆ ఒత్తిడికి నూనె సన్నటి గొట్టం గుండా పైకి వచ్చి, బర్నరు వేడికి ఆవిరై, సూదిమొనంత రంధ్రం నుంచి బుస్సున చిమ్మి మండుతుంది. గాలి వదిలితే మంట తగ్గుతుంది, కొడితే పెరుగుతుంది. పూర్తిగా ఆర్పి, సాయంత్రం మళ్ళీ వెలిగించుకోవచ్చు. మా అమ్మ ఒకే స్టవ్వు మీద ఇరవయ్యేళ్ళు వంట చేసింది.

ద్రవ ఇంధనం ఇంజను కూడా ఇంతే. చాలా ఇంజన్లకు ఒక తొట్టిలో ఇంధనం, మరొక తొట్టిలో ద్రవ ఆక్సిజను ఉంటాయి. ఆకాశం పైన గాలి లేదు గనక, మంటకు కావలసిన ఆక్సిజనును రాకెట్టు వెంట మోసుకుపోవాలి. రెంటినీ పంపులు లాగి, ఒక గదిలోకి నెడతాయి. అక్కడవి మండి, కిందినున్న గంటలాంటి మూతి గుండా మహావేగంతో బయటపడతాయి. రాకెట్టు పైకి లేస్తుంది.

మరి మా అమ్మ స్టవ్వు ఇరవయ్యేళ్ళు మండితే, రాకెట్టు ఇంజను ఒక్కసారికే ఎందుకు సముద్రం పాలవుతున్నది? ఇక్కడే ఉన్నది కష్టమంతా.

ఆక్సిజను ద్రవంగా ఉండాలంటే సున్నాకు కింద 183 డిగ్రీల చలిలో ఉంచాలి. అది మండే గదిలోనేమో వేడి మూడు వేల డిగ్రీలు దాటుతుంది. ఆ గది లోపలి గోడను రాగి మిశ్రమంతో చేస్తారు. రాగి 1,085 డిగ్రీల దగ్గర కరిగి నీరవుతుంది. మూడు వేల డిగ్రీల మంట పక్కన అది కరగకుండా ఎట్లా నిలుస్తుంది?

ఇందుకు నేను తరగతిలో ఒక ప్రయోగం చేసి చూపేవాణ్ణి. మీరు చేస్తే పెద్దవాళ్ళను పక్కన పెట్టుకునే చెయ్యండి. దళసరి కాగితంతో దొన్నె చేసి, అందులో నీళ్ళు పోసి, కొవ్వొత్తి మంట మీద పట్టుకుంటే, నీళ్ళు కాగుతాయి గాని కాగితం అంటుకోదు. కాగితానికి తగిలిన వేడిని తగిలినట్టే నీళ్ళు లాగేసుకుంటాయి. రాకెట్టు ఇంజనులోనూ ఇదే యుక్తి. రాగి గోడలో సన్నటి కాలవలు చెక్కి, ఇంధనాన్ని మండే ముందు ఆ కాలవలలో ప్రవహింపజేస్తారు. అది గోడను చల్లబరిచి, తాను వేడెక్కి, అప్పుడు మంటలోకి పోతుంది. మా అమ్మ స్టవ్వులో కిరసనాయిలు బర్నరు గొట్టం చుట్టూ తిరిగి రావడం కూడా ఇదే, ఆమెకు ఆ సంగతి తెలియకపోయినా.

గోడ కరగదు, సరే. కాని వెలిగించగానే ఒక పక్క మండిపోతూ, రెండో పక్క చల్లగా ఉంటుంది. వేడి పక్క వ్యాకోచించబోతే చల్లటి పక్క పట్టుకుంటుంది. ఆర్పగానే అంతా ముడుచుకుంటుంది. ఒక ఇనుప తీగె తీసుకుని ఇటూ అటూ వంచి చూడండి. మొదటిసారికి విరగదు, మూడోసారికీ విరగదు. కాని ఎన్నోసారికో చప్పున విరుగుతుంది. ఇంజను గోడకూ, పంపును తిప్పే చక్రం రెక్కలకూ జరిగేది ఇదే. ఒక్కసారి పని చేసి పోయే ఇంజనుకు ఒక్క వంపు తట్టుకుంటే చాలు. మళ్ళీ మళ్ళీ పని చేసేదానికి బలం ఒక్కటీ చాలదు, ఆ వంపులన్నిటినీ ఓర్చుకోవాలి.

ఈ ఓర్పును మొదట పెద్ద ఎత్తున పరీక్షించినవారు అమెరికావారు. వారి స్పేస్ షటిల్ 1981 ఏప్రిల్ 12న మొదటిసారి ఎగిరింది. 2011 దాకా షటిళ్ళు 135 సార్లు ఎగిరాయి. ఒక్కొక్క షటిల్ తోకకు మూడేసి ఇంజన్లు. ద్రవ హైడ్రోజనును తోడే పంపు నిమిషానికి సుమారు 35 వేల చుట్లు తిరిగేది! ఆ 135 యాత్రలకూ కలిపి 46 ఇంజన్లే వాడారంటే, అవి ఎంత గట్టివో ఊహించండి. కాని తిరిగి వచ్చిన ఇంజన్లను విప్పి, రెక్కల్లో బీటలున్నాయేమోనని వెతికి, అరిగిన వాటిని మార్చి, మళ్ళీ బిగించడానికి చాలా కాలమూ, చాలా డబ్బూ అయ్యేవి. రోజూ పోయివచ్చే బస్సులాగా ఉంటుందని తలపెట్టినది, ప్రతి ప్రయాణానికీ ఇంజను విప్పే బస్సయింది. అయినా నేను ఆ ఇంజనును తక్కువ చెయ్యను. నలభయ్యేళ్ళ తరవాత కూడా అది పనికి వచ్చింది. 2022 నవంబరు 16న చంద్రుడి దిక్కుగా ఎగిరిన ఆర్టెమిస్ రాకెట్టుకు నాలుగు షటిల్ ఇంజన్లే బిగించారు. నాలుగూ అంతకుముందు షటిళ్ళలో ఎగిరి వచ్చినవే. ఈసారి మాత్రం వాటిని తిరిగి తెచ్చే ఏర్పాటు లేదు, సముద్రం పాలయ్యాయి. ఆ వార్త చదివినప్పుడు నా మనసు చివుక్కుమన్నది.

షటిల్ సంగతి నాకు 1994లోనే తెలుసు. కాని అది విమానంలాగా రెక్కల మీద దిగేది, దిగేటప్పుడు ఇంజన్లు ఆరిపోయి ఉండేవి. మా కుర్రవాడు అడిగింది అది కాదు. వాడు అడిగింది మంట మీద దిగడం. నాకు తెలియని సంగతి ఏమంటే, వాడు ఆ ప్రశ్న అడగడానికి ఏడాది ముందే, 1993 ఆగస్టు 18న, అమెరికాలో న్యూ మెక్సికో ఎడారిలో డి.సి.ఎక్స్. అనే చిన్న రాకెట్టు నిలువుగా లేచి, గాలిలో ఆగి, పక్కకు జరిగి, మంట మీదనే నేలకు దిగింది. ఇదంతా ఒక్క నిమిషంలో జరిగింది. ఆ బండినే 1996 జూనులో ఒకసారి ఎగరేసి, 26 గంటల్లో మళ్ళీ ఎగరేశారు. వచ్చే నెలలో దిగేటప్పుడు ఒక కాలు తెరుచుకోక, పక్కకు ఒరిగి కాలిపోయింది. దాంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. వెనక బెంచీ కుర్రవాడు అడిగింది, ఎడారిలో కొందరు ఇంజనీర్లు చేసి చూపుతున్నది ఒకటే. మధ్యన నేను నవ్వులాట చేస్తూ నిలబడి ఉన్నాను.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2015 డిసెంబరు 22న స్టాఫ్ రూములో ఒక టీచరు తన ఫోను నా ముందు పెట్టి, "చూడండి సార్," అన్నది. ఆ ఉదయమే, మన లెక్క ప్రకారం, అమెరికాలో ఫాల్కన్ 9 అనే రాకెట్టు 11 ఉపగ్రహాలను పైకి పంపింది. దాని కింది భాగం, దాదాపు పదిహేను అంతస్తుల మేడంతది, వెనక్కు తిరిగి వచ్చి, కాళ్ళు చాపి, మంట మీద నేలకు దిగి నిలబడింది. నేను ఆ బొమ్మను నాలుగుసార్లు వేయించుకుని చూశాను. ఆ టీచరు నేను ముచ్చటపడుతున్నాననుకున్నది. నా కళ్ళ ముందు మాత్రం వెనక బెంచీ కనబడుతున్నది.

అది ఎట్లా దిగుతుందో చెబుతాను. రాకెట్టు బరువులో ముప్పాతిక మించి ఇంధనమూ ఆక్సిజనే. బయలుదేరేటప్పుడు ఫాల్కన్ 9 బరువు సుమారు 550 టన్నులు. దాన్ని లేపడానికి తొమ్మిది మెర్లిన్ ఇంజన్లు మండాలి. తొట్లు ఖాళీ అయ్యాక కింది భాగం ఒట్టి డొల్ల. అందుకని సంతకు పోయే బండివాడు తిరుగు ప్రయాణానికి కాస్త గడ్డి వేసుకున్నట్టు, కొంచెం ఇంధనం మిగుల్చుకుంటే చాలు. సరుకు దిగాక తేలిక బండిని లాగడానికి ఎద్దులకు ఎంత గడ్డి కావాలి? అయితే ఆ గడ్డికీ చోటు కావాలి గదా, ఆ మేరకు సరుకు తగ్గించుకోక తప్పదు.

పైన విడిపోయిన డొల్ల తలకిందులుగా తిరిగి, మూడు ఇంజన్లను మళ్ళీ వెలిగించి వేగం తగ్గించుకుంటుంది. లేకపోతే దట్టమైన గాలిలోకి రాగానే ఒరిపిడి వేడికి మాడిపోతుంది. ఆఖరున ఒకే ఒక ఇంజను వెలుగుతుంది. చిక్కేమంటే, ఎంత తగ్గించినా ఆ ఒక్క ఇంజను తోపు ఖాళీ డొల్ల బరువు కన్నా ఎక్కువ. గాలిలో ఆగి, నిదానంగా చూసుకుని దిగుదామంటే కుదరదు. డొల్ల మళ్ళీ పైకి లేస్తుంది. మీరు బంతిని పైకి విసిరితే, శిఖరాన ఒక్క క్షణం ఆగి కిందికి వస్తుంది గదా? దాన్ని తలకిందులు చేసి ఊహించండి. ఆ ఆగే క్షణం సరిగ్గా నేల తగిలే చోట రావాలి. ముందు వస్తే మళ్ళీ పైకి లేస్తుంది, తరవాత వస్తే నేలకు గుద్దుకుంటుంది.

ఇందుకు ఇంజను చెప్పినప్పుడు వెలగాలి, చెప్పినంతే మండాలి. 2015 ఏప్రిల్ 14న ఇట్లాగే ఒక డొల్ల సముద్రంలో నిలిపిన తెప్ప మీదికి సరిగ్గా వచ్చింది. కాని ఇంధనాన్ని హెచ్చించి తగ్గించే వాల్వు ఒకటి కాస్త పట్టేసినట్టయి, ఆజ్ఞ అందిన తరవాత ఆలస్యంగా కదిలింది. తగ్గించమన్నప్పుడు తగ్గలేదు, తగ్గినప్పుడు అవసరం దాటిపోయింది. డొల్ల అటూ ఇటూ ఊగి, తెప్ప మీద పడి పేలిపోయింది. పదిహేను అంతస్తుల మేడ ఒక వాల్వు బద్ధకానికి కూలిపోయింది!

కిందికి దిగిన ఇంజను మళ్ళీ ఎగరగలిగితేనే గదా లాభం. 2016 ఏప్రిల్‌లో ఎగిరి వచ్చిన డొల్లను 2017 మార్చి 30న మళ్ళీ ఎగరేశారు. 2025 ఆగస్టులో వేరొక డొల్ల ముప్పయ్యోసారి ఎగిరింది. ఈ ఇంజన్లు తాగేది కిరసనాయిలు లాంటి నూనే గనక, మా అమ్మ స్టవ్వుకు పట్టినట్టే వీటికీ మసి పడుతుంది. అమ్మ పిన్ను పెట్టి పొడిచేది. ఆ బెడద తగ్గించడానికి కొత్త ఇంజన్లకు మీథేను వాడుతున్నారు. అది శుభ్రంగా మండుతుంది. 2025 మే 27న ఎగిరిన స్టార్‌షిప్ కింది భాగంలో 33 మీథేను ఇంజన్లుంటే, వాటిలో 29 అంతకు ముందొకసారి ఎగిరినవి. అది దిగే లోపల ముక్కలైపోయిందనుకోండి. పరీక్షలంటే అంతే.

మన దేశంలోనూ ఈ దారిలో అడుగు పడింది. 2025 జనవరి 17న తమిళనాడులోని మహేంద్రగిరిలో ఇస్రోవారు వికాస్ ఇంజనును నేల మీద బిగించి మండించి, ఆర్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ వెలిగించి ఏడు సెకండ్లు మండించారు. ఏడు సెకండ్లేనా అంటారేమో! ఆరిన ఇంజను లోపల వేడి ఒకచోటా చలి ఒకచోటా ఉండగా, పైపుల్లో ఆవిరి బుడగలు లేకుండా చూసుకుని, పంపులను మళ్ళీ వేగం అందుకునేటట్టు చెయ్యడం చిన్న పని కాదు. వికాస్! నేను 1994లో మింగేసిన సగం మార్కు అదే గదా. ఆ వార్తను పత్రిక నుంచి కత్తిరించి జేబులో పెట్టుకున్నాను.

చాలా రోజులు వెనకాడి, చివరికి ఒకనాడు బస్సెక్కి సూళ్ళూరుపేట వెళ్ళాను. ఆ కుర్రవాడు పదో తరగతితో చదువు మాని, పడవ ఇంజన్లూ, పొలాల్లో డీజిలు ఇంజన్లూ బాగుచేసే షాపు పెట్టుకున్నాడని విన్నాను. ఇప్పుడు నలభై అయిదేళ్ళవాడు. నన్ను చూడగానే చేతులు గుడ్డకు తుడుచుకుని స్టూలు వేశాడు, టీ తెప్పించాడు. నేను కాగితం తీసి చూపించి, "ఆనాడు నువ్వడిగింది సరైన ప్రశ్న నాయనా. నేనే తప్పు చెప్పాను," అన్నాను.

అతను కాగితం నిదానంగా చదివాడు. "గుర్తుంది సార్," అన్నాడు. "మీరు తారాజువ్వనుకుని చెప్పారు. నేను పడవనుకుని అడిగాను. మా నాయన పడవ రోజూ పోయి రోజూ వచ్చేది గదా."

నాకు వెంటనే మాట రాలేదు. అతనే మళ్ళీ, "రెండోసారి వెలిగించడమే కష్టమని రాశారే, అది నిజం సార్. మా ఇంజన్లు కూడా నడిచేటప్పుడు అరిగేది తక్కువ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తామే, అప్పుడే ఎక్కువ దెబ్బ," అన్నాడు. వేడీ చలీ ఇనుప తీగే అంటూ నేను ఇంత సేపు మీకు చెప్పింది అతను ఒక్క ముక్కలో చెప్పాడు.

తరవాత ముప్పయ్యేళ్ళ కిందటి మాదిరిగానే తలెత్తి, "మరి పై భాగం సంగతేంది సార్? ఉపగ్రహంతో కూడా పోయేది. అది వస్తుందా?" అని అడిగాడు.

ఈసారి నేను తొందరపడలేదు. ఫాల్కన్ 9 పై భాగం తిరిగి రాదని చెప్పాను. కింది భాగం సెకండుకు రెండు కిలోమీటర్ల వేగం దగ్గర విడిపోతే, పై భాగం ఎనిమిదికి దగ్గరగా పోతుంది. వేగం నాలుగింతలయితే పోగొట్టుకోవలసిన శక్తి పదహారింతలవుతుంది. అంత వేడిని తట్టుకుని, మళ్ళీ ఎగరడానికి పనికొచ్చేటట్టు దాన్ని దింపాలని స్టార్‌షిప్‌వారు పాట్లు పడుతున్నారు, అన్నాను. పదహారింతలు ఎట్లా అయిందని అడిగితే, అతని బిల్లుల పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసి చూపించాను.

అతను ఆ లెక్కను రెండుసార్లు చూసి, "అయితే ఇంకా చాలా పని ఉన్నట్టుంది సార్," అని, బల్ల మీద విప్పి పెట్టిన డీజిలు నాజిల్ తీసుకుని, సన్నటి తీగెతో మసి పొడవసాగాడు. అంతలో ఒక రైతు ఇంజను బండి మీద వేసుకుని వచ్చాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి బస్సు కోసం లేచాను.